ఊరు పెంచుకునే అడవి, దానికి కావలసిన డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

అడవుల పునరుద్ధరణ గురించి నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. ఒకరు డబ్బు ఇవ్వాలనుకునేవాళ్లు, ఇంకొకరు ఊళ్లో పది మందిని పోగేసి పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు. ఇద్దరి ప్రశ్నలూ ఒకే చోట పెట్టాను. ఇచ్చేవాళ్ల ఇబ్బంది చేసేవాళ్లకీ, చేసేవాళ్ల ఇబ్బంది ఇచ్చేవాళ్లకీ తెలియకే చాలా మంచి పనులు మధ్యలో ఆగిపోతున్నాయి కాబట్టి, దయచేసి అవతలివాళ్ల ప్రశ్నలు కూడా చదవండి.

పునరుద్ధరణ అంటే మొక్కలు నాటడమే కదా?

కాదు. ఈ రంగంలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ ఒక్క అపోహ దగ్గరేనని నేను నమ్ముతాను. చెట్టు కొట్టేసినంత మాత్రాన అది చచ్చిపోయినట్టు కాదు. చాలా చోట్ల నేల కింద వేరు బతికే ఉంటుంది, ప్రతి వానకీ మోడు నుంచి పిలకలు వేస్తూనే ఉంటుంది, వాటిని పశువులు మేసేస్తాయి, లేదా మంట కాల్చేస్తుంది, లేదా మనమే పొద అనుకుని చెక్కేస్తాం. కొన్నేళ్లు ఆ మూడూ ఆపగలిగితే నర్సరీ అక్కర్లేకుండానే చాలా భాగం తిరిగి లేస్తుంది.

దీనికి నైజర్ దేశంలోని మరాడి ప్రాంతం కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1980ల మొదట్లో అక్కడ పనిచేసిన ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో కొన్నేళ్ల పాటు మొక్కలు నాటించాడు, అవి చాలా వరకు ఎండిపోయాయి. 1983లో ఆయన గమనించిందేమిటంటే, చేలల్లో రోజూ కనిపించే పొదలు అసలు పొదలు కావు, కొట్టేసిన చెట్ల పిలకలు. రైతులు వాటిలో బలమైన రెండు మూడు పిలకలు ఉంచి, మిగతావి కోసి, పంట మధ్యలోనే చెట్లుగా పెంచడం మొదలుపెట్టారు. ఒక రైతుని చూసి ఇంకొకరు చేసుకుంటూ పోగా సుమారు 20 ఏళ్లలో అది 50 లక్షల హెక్టార్లకు పాకింది. కావలసిన పనిముట్టు ఒక కత్తి.

ఇంకో మాట. పునరుద్ధరణ అన్నప్పుడు అడవి ఒక్కటే కాదు, చేను గట్టు, వాగు ఒడ్డు, బీడు, మేత నేల అన్నీ లెక్కలోకి వస్తాయి. సహజంగానే గడ్డి నేల అయిన చోట చెట్లు నాటితే అది బాగు చేయడం కాదు, ఉన్నదాన్ని పాడు చేయడం.

ఊరివాళ్ల చేతిలోనే ఎందుకు ఉండాలి? ప్రభుత్వమో పెద్ద సంస్థో అయితే త్వరగా అవుతుంది కదా?

నాటడం త్వరగా అవుతుంది, నిజమే. కానీ మూడో ఏడాది ఎండాకాలంలో మంట లేచినప్పుడు పరిగెత్తుకు వెళ్లేది ఎవరు, మేకలు పడ్డాయని అర్ధరాత్రి కబురొస్తే లేచేది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. అక్కడ ఉండేవాళ్లే వెళ్లాలి. తమది అనుకుంటేనే వెళ్తారు.

నేపాల్‌లో 1993 అటవీ చట్టం కొండ ఊళ్ల అడవుల్ని స్థానిక వినియోగదారుల సంఘాలకు అప్పగించింది. ఇప్పుడు అలాంటి సంఘాలు 22,000కు పైగా ఉన్నాయి. 1992లో దేశంలో సుమారు 26 శాతం ఉన్న అడవి 2016 నాటికి 45 శాతం దాకా పెరిగిందని ఉపగ్రహ చిత్రాలతో చేసిన అధ్యయనం చూపించింది. అంతా సంఘాల ఘనతే అనను, జనం వలస పోవడం వల్ల బీడు పడ్డ పొలాల్లోనూ చెట్లు లేచాయి. అయినా ఎప్పుడు మేత కోయాలి, ఎవరికి ఎన్ని మోపుల కట్టెలు, నియమం తప్పితే ఎంత జరిమానా అని ఊరే కూర్చుని తేల్చుకున్న చోట అడవి నిలబడింది. ఉమ్మడి వనరుల్ని జనం తమ నియమాలతో తామే కాపాడుకోగలరని జీవితమంతా పరిశోధించి చూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

నేల మీద హక్కు తేలకుండా మొదలుపెట్టొచ్చా?

నా జవాబు వద్దు అనే. కనీసం రాతపూర్వకమైన ఒప్పందం అయినా లేకుండా ఎవరి డబ్బూ ఖర్చు పెట్టకండి. పదేళ్లు కాపు కాసిన చెట్టుని ఇంకొకరు వచ్చి ఇది మాది అని కొట్టుకుపోతే ఆ ఊరు మళ్లీ జన్మలో మొక్క ముట్టదు.

నైజర్ సంగతే మళ్లీ చెప్తాను. అక్కడ వలసపాలన నాటి నుంచి చెట్టు ప్రభుత్వానిదిగానే ఉండేది, రైతు పొలంలో ఉన్నా సరే. తనది కాని చెట్టుని పెంచి రైతుకి ఏం లాభం? పైగా కొమ్మ కొడితే జరిమానా. ఆ నియమాన్ని అధికారులు కొంత చూసీ చూడనట్టు వదిలేశాకే రైతులు ధైర్యంగా పిలకలు కాపాడుకున్నారు. అంటే కాగితం మీద చట్టం మారకముందే, చెట్టు నాదే అన్న నమ్మకం కలిగితే చాలు, పని నడిచింది. ఆ నమ్మకం లేని చోట కోట్లు పోసినా నడవదు. భారతదేశంలో 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకి సామూహిక అటవీ వనరుల మీద హక్కు ఇస్తుంది, మెక్సికోలో అడవిలో పెద్ద భాగం ఊరుమ్మడి భూముల్లోనే ఉంది. మీ దేశంలో ఏ దారి ఉందో ముందు కనుక్కోండి, దరఖాస్తు ఖర్చు, సర్వే ఖర్చు, ఆఫీసుల చుట్టూ తిరిగే బస్సు ఛార్జీలు కూడా పునరుద్ధరణ ఖర్చే అని బడ్జెట్‌లో రాయండి.

అట్టడుగు స్థాయి నిధులు అంటే ఏ డబ్బు?

చాలా రకాలు కలిసి ఉంటాయి. అన్నిటికన్నా అడుగున ఉండేది సంఘం సొంత డబ్బు: సభ్యుల చందా, పొదుపు, జరిమానాలు, మేత, తేనె, కాయలు అమ్మగా వచ్చినది. నేపాల్ సంఘాలు తమ ఆదాయంలో కనీసం 25 శాతం తిరిగి అడవి మీదే ఖర్చు పెట్టాలన్న నియమం ఉంది, నాకు బాగా నచ్చిన నియమం. ఊళ్లో పొదుపు చేసుకుని ఊళ్లోనే అప్పులిచ్చుకునే సంఘాల పద్ధతిని 1991లో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ మొదలుపెట్టింది కూడా ఆ మరాడిలోనే, ఆడవాళ్లతో. ఇప్పుడది ఎన్నో దేశాల్లో ఉంది. చెట్టుకీ పొదుపుకీ పోలిక తెలిసిన ప్రాంతం అది.

దాని పైన చిన్న గ్రాంట్లు. ప్రపంచ పర్యావరణ నిధి తరఫున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం నడిపే చిన్న గ్రాంట్ల పథకం 1992 నుంచి నేరుగా స్థానిక సంఘాలకే ఇస్తోంది. ఆఫ్రికాలో టెర్రాఫండ్ అనే నిధి 2022లో మొదటి విడతగా 100 స్థానిక సంస్థలకూ చిన్న వ్యాపారాలకూ కలిపి 1.5 కోట్ల డాలర్లు గ్రాంట్లుగా, అప్పులుగా ఇచ్చింది. ఈ మధ్య ఆదివాసీ, రైతు సంఘాలే తమ నిధిని తాము పెట్టుకుంటున్నాయి, ఇండొనేషియాలో 2023లో మొదలైన నుసంతారా నిధి అలాంటిది. దాత ఎవరైనా సరే, ఏ ఊరికి ఎంత అన్నది అక్కడివాళ్లే తేలుస్తారు. రానున్న రోజుల్లో ఎక్కువ నమ్మకం పెట్టుకోవలసింది వీటి మీదే అని నా అభిప్రాయం.

వేల కోట్ల ప్రకటనలు వింటున్నాం. ఆ డబ్బు ఊరికి ఎందుకు రాదు?

ప్రకటనలు నిజంగానే పెద్దవి. పాడైన అడవుల్నీ నేలల్నీ బాగు చేస్తామని దేశాలు హామీలిచ్చే బాన్ ఛాలెంజ్ 2011లో మొదలైంది, 2030 కల్లా 35 కోట్ల హెక్టార్లు బాగు చేయాలన్న లక్ష్యాన్ని తర్వాత దానిలో చేర్చారు, 2021 నుంచి 2030 వరకు దశాబ్దాన్ని ఐక్యరాజ్యసమితి పర్యావరణ వ్యవస్థల పునరుద్ధరణకే కేటాయించింది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో కొన్ని ప్రభుత్వాలూ ఫౌండేషన్లూ కలిసి ఆదివాసులకీ స్థానిక సముదాయాలకీ వాళ్ల అటవీ భూముల హక్కుల కోసం 170 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. మొదటి ఏడాది ఇచ్చిన దానిలో నేరుగా ఆ సముదాయాల సంస్థలకు చేరింది 7 శాతం. తర్వాతి ఏడాది 2.1 శాతం. ఈ లెక్క ఇచ్చినవాళ్లే బయటపెట్టారు, అందుకు వాళ్లని మెచ్చుకోవాలి. కానీ ఆ అంకె చదివిన రోజు నాకు చాలా బాధేసింది.

ఎందుకు చేరదంటే, ఎవరో తినేస్తారని కాదు చాలాసార్లు. దరఖాస్తు ఊరివాళ్ల భాషలో ఉండదు. మూడేళ్ల ఆడిట్ అడుగుతారు, నిన్న పెట్టుకున్న సంఘానికి ఎక్కడిది? చిన్న మొత్తం ఇవ్వడానికి ఇచ్చేవాళ్ల ఆఫీసులో పెద్ద మొత్తానికి పట్టినంత పనే పడుతుంది కాబట్టి పెద్దవే ఇస్తారు, పెద్దది తీసుకోగలిగే సంస్థ రాజధానిలో ఉంటుంది, అది ఇంకో సంస్థకి ఇస్తుంది, అది మరోదానికి, ఒక్కో మెట్టు దగ్గర కొంత తరుగు. ఖర్చు పెట్టి బిల్లు పంపితే తర్వాత ఇస్తామనే షరతు మరీ ఘోరం, ముందు పెట్టడానికి వాళ్ల దగ్గర లేకే కదా అడిగింది!

దాతలు చేయగలిగింది ఉంది. దరఖాస్తు రెండు పేజీలకి తగ్గించండి, ఫోన్‌లో మాటలుగా చెప్పినా తీసుకోండి, మొదటి విడత ముందే ఇవ్వండి, ఒక్క ఏడాదికి కాకుండా కనీసం ఐదేళ్లకి మాట ఇవ్వండి.

మొదటి డబ్బు దేని మీద పెట్టాలి?

కాపలా మీద. నాకు ఛాన్స్ ఇస్తే ఈ ప్రశ్నకి ఒక పుస్తకమే రాస్తాను.

మొదటి ఏడాది డబ్బు రాగానే ప్రతివాళ్లకీ నర్సరీ పెట్టాలని, బోర్డు రాయించాలని, వెయ్యి గుంటలు తవ్వాలని ఉంటుంది. దాత కూడా ఫోటో అడుగుతాడు. దానికన్నా ముందు ఊరంతా ఆ నేల మీద ఒకసారి నడవండి. ముసలివాళ్లని వెంట తీసుకెళ్లండి, ఎక్కడ ఏ చెట్టు ఉండేదో, వాగు ఎప్పటిదాకా పారేదో వాళ్లకి గుర్తుంటుంది. ఎక్కడ మోళ్లు బతికి ఉన్నాయో, ఎక్కడ నేల పూర్తిగా కొట్టుకుపోయిందో గుర్తు పెట్టుకోండి. మోళ్లున్న చోట కాపలా చాలు. తల్లి చెట్లు దగ్గర్లో ఉన్న చోట కలుపు, గడ్డి అణచితే చాలు. ఫిలిప్పీన్స్‌లో ఎత్తుగా పెరిగే దర్భజాతి గడ్డిని కోయకుండా చెక్క పలకతో తొక్కి పడుకోబెడతారు, కింద ఉన్న చిన్న మొక్కలకి వెలుతురు అందుతుంది, గడ్డి మళ్లీ త్వరగా లేవదు, మంట భయమూ తగ్గుతుంది. ఏమీ మిగలని చోట మాత్రమే నాటండి, అక్కడ కూడా ముందు వాన నీటిని ఆపే కందకాలు, రాతి కట్టలు.

కాపలాదారుకి నెల నెలా జీతం ఇవ్వండి. ఇది ఎవరూ సంతోషంగా ఇవ్వని డబ్బు, ఫోటోలో కనిపించదు కాబట్టి. వేసవికి ముందు మంట పాకకుండా గడ్డి చెక్కి నిప్పు గీతలు కొట్టే కూలి, సమావేశాలకి వచ్చేవాళ్ల ఖర్చు, లెక్కలు రాసే మనిషికి ఇచ్చేది కూడా అంతే. నేను చూసిన ఒక చోట మొక్కలకి, కంచెకి, ప్రారంభోత్సవానికి అన్నిటికీ డబ్బు వచ్చింది, రెండో ఏడాది కాపలాదారు జీతానికి మాత్రం రాలేదు. ఆ వేసవిలోనే కాలిపోయింది.

మొక్కకి ఇంత అని లెక్క కట్టి ఇవ్వడం తప్పా?

నాటిన మొక్కకి ఇస్తే తప్పు, బతికిన మొక్కకి ఇస్తే మేలు. కెన్యాలో వంగారి మాథాయ్ 1977లో మొదలుపెట్టిన గ్రీన్ బెల్ట్ ఉద్యమంలో ఆడవాళ్లకి బతికిన మొక్కకే కొద్ది మొత్తం ఇచ్చేవారు. మొత్తం 5 కోట్లకు పైగా చెట్లు అలా లేచాయి. ఆమెకి 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఫిలిప్పీన్స్ మడ అడవుల కథ దీనికి రెండో వైపు. దశాబ్దాల పాటు చాలా డబ్బుతో నాటారు, కాలం గడిచాక చూస్తే బతికినవి చాలా చోట్ల 10 నుంచి 20 శాతం. కారణం సముద్రం కాదు. మడ సహజంగా పెరిగే చోట్లు అప్పటికే చేపల చెరువులయ్యాయి, వాటి మీద హక్కుల గొడవలున్నాయి, అందుకని ఎవరూ అడ్డు చెప్పని లోతట్టు బురద మేటల్లో, సులువుగా దొరికే జాతిని నాటారు. అది అక్కడ బతకదు. హక్కు సంగతి తేల్చకుండా అంకెల కోసం పరిగెత్తితే ఇలాగే అవుతుంది.

ఏ జాతులు నాటాలి?

ఆ ప్రాంతంలో పుట్టినవి, ఊరికి పనికొచ్చేవి, ఒకటి కాదు ఇరవై ముప్పై రకాలు. ఉత్తర థాయ్‌లాండ్‌లో పనిచేసేవాళ్లు పక్షులూ జంతువులూ వచ్చేలా త్వరగా పెరిగి నీడనిచ్చే, కాయలు కాసే స్థానిక జాతుల్ని ఎంచుకుని నాటుతారు, మిగతా విత్తనాలు ఆ పక్షులే తెస్తాయి. అదే డబ్బుతో ఒకే జాతి వరసలుగా వేస్తే అది తోట అవుతుంది. 2019లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం బాన్ ఛాలెంజ్ కింద దేశాలు ఇచ్చిన హామీల్లో 45 శాతం ఇలాంటి వాణిజ్య తోటలే. తోట పెట్టడం నేరం కాదు, రైతుకి అవసరమే కావచ్చు, దాన్ని అడవి అనకుండా ఉంటే చాలు.

మియవాకీ పద్ధతి పనికొస్తుందా?

రకరకాల స్థానిక మొక్కల్ని బాగా దగ్గరదగ్గరగా నాటే జపాన్ పద్ధతి ఇది. పట్టణంలో చిన్న స్థలానికి, నీళ్లు పోసే మనుషులు ఉంటే, సరే. ఒక ఊరి చుట్టూ వందల హెక్టార్లకి ఆ ఖర్చు భరించలేరు, అక్కర్లేదు కూడా.

కార్బన్ క్రెడిట్లు అమ్ముకోవచ్చా?

చెట్లు గాలి నుంచి పీల్చి దాచుకున్న కార్బన్‌ని లెక్కగట్టి, దాన్ని కంపెనీలకీ ఇతరులకీ అమ్మడమే ఇది. అలా అమ్ముకున్న ఊళ్లు ఉన్నాయి. కెన్యాలో గాజి తీరాన మికోకో పమోజా అనే సంఘం 117 హెక్టార్ల మడ అడవిని కాపాడుతూ 2013 నుంచి క్రెడిట్లు అమ్ముతోంది, ఆ డబ్బుతో ఊరికి మంచినీళ్లు, బడికి సామాను ఏర్పాటు చేసుకున్నారు. చిన్నది, ఊరి చేతిలో ఉన్నది, అందుకే నిలబడింది.

కానీ ఎవరైనా ఒప్పందం పట్టుకుని మీ ఊరికి వస్తే తొందరపడకండి. ఎన్నేళ్లకి సంతకం చేస్తున్నారు? ఆ కాలమంతా మేతకీ కట్టెలకీ వెళ్లనిస్తారా? అమ్మిన ధరలో ఊరి వాటా ఎంత, ఆ ధర మీకు చూపిస్తారా? మంట వచ్చి చెట్లు పోతే బాకీ ఎవరి మీద పడుతుంది? ఈ నాలుగు ప్రశ్నలకీ మీ భాషలో, రాతలో జవాబు వచ్చేదాకా సంతకం వద్దు. ఒప్పందాన్ని ఊరితో సంబంధం లేని లాయరుకి చూపించండి. కొలతలు, తనిఖీల ఖర్చు చాలా ఎక్కువ కాబట్టి మొదటి కొన్నేళ్లు చేతికి ఏమీ రాకపోవచ్చు, దాని మీదే ఆధారపడి పని మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

దీనివల్ల ఊళ్లో ఎవరైనా నష్టపోతారా?

పోతారు. ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, అందరూ అడగాల్సింది ఇదే. నేల మూసేసిన రోజు నుంచి మేకలున్నవాడికి మేత లేదు, కట్టెలు ఏరుకునే ఆమె ఇంకో రెండు మైళ్లు నడవాలి. సొంత పొలం, గ్యాసు ఉన్నవాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు, సమావేశంలో చేతులెత్తేది వాళ్లే. అలా పేదవాళ్ల నెత్తిన పెట్టిన కంచె ఎక్కువ రోజులు ఉండదు, ఉండకూడదు కూడా.

అందుకే మొత్తం ఒకేసారి మూసేయకండి. టాంజానియాలోని షిన్యాంగాలో సుకుమా జాతివాళ్లకి పూర్వం నుంచి ఒక పద్ధతి ఉంది, న్గితిలి అంటారు, వానాకాలంలో కొంత మేత నేలని వదిలేసి ఎండాకాలం గట్టిగా ఉన్నప్పుడు మాత్రమే తెరుస్తారు. 1986లో మొదలైన ప్రభుత్వ పథకం కొత్తది రుద్దకుండా ఆ పాత పద్ధతికే ఊతమిచ్చింది. కుటుంబాలూ ఊళ్లూ తమవి తాము మూసుకుంటూ తెరుచుకుంటూ 3 లక్షల హెక్టార్లకు పైగా చెట్లూ గడ్డీ తిరిగి తెచ్చుకున్నారు. మీ చుట్టుపక్కల కూడా ఇలాంటి మరుగున పడ్డ కట్టుబాటు ఏదో ఉండే ఉంటుంది, పశువుల కాపరుల్ని అడగండి. మూసిన చోటు నుంచి గడ్డి కోసుకెళ్లనివ్వండి. పశువుల్ని తోలొద్దు అంతే. కూలి పని మొదట ఆ నష్టపోయే ఇళ్లకే ఇవ్వండి.

డబ్బు దగ్గర తగాదాలు రాకుండా ఎలా?

రాకుండా ఉండవు. బయటపడేలా చూసుకోవడమే మన పని. బ్యాంకు ఖాతాకి ముగ్గురు సంతకందారులు, అందులో ఇద్దరైనా ఆడవాళ్లు, ఒకే కుటుంబం వాళ్లు కాకూడదు. ప్రతి నెలా జమ, ఖర్చు గోడ మీద రాయాలి, చదువురానివాళ్ల కోసం సమావేశంలో పైకి చదవాలి. రసీదు లేని ఖర్చు ఉంటుంది పల్లెల్లో, అప్పుడు ఇద్దరు సాక్షుల వేలిముద్ర. తప్పు చేసినవాడిని వెళ్లగొట్టే తీర్మానం తప్పు జరగకముందే రాసి పెట్టుకోండి, తర్వాత రాస్తే అది పగ అవుతుంది.

ఎన్నేళ్లు పడుతుంది?

గడ్డి ఒక వానకే వస్తుంది. పిలకలు మూడు నాలుగేళ్లలో మనిషిని దాటుతాయి. నీడ పడి, ఆకు రాలి, నేల మెత్తబడటానికి పదేళ్లు. పాత అడవిలో ఉన్న జాతులన్నీ తిరిగి రావడం మన జీవితకాలంలో చూడకపోవచ్చు. రెండేళ్ల గ్రాంటు ఇచ్చి ఫలితం అడిగేవాళ్లకి ఈ నాలుగు వాక్యాలే పంపుతాను.

ఫలితం ఎలా కొలవాలి? మా దగ్గర డ్రోన్లు అవీ లేవు.

అక్కర్లేదు. పది చోట్ల రాయి పాతి, ప్రతి ఏడాదీ అదే నెలలో, అదే రాయి మీద నిలబడి, అదే దిక్కుకి ఫోన్‌తో ఫోటో తీయండి. కొన్ని చిన్న గళ్లు గీసి వాటిలో బతికినవి, కొత్తగా మొలిచినవి లెక్కపెట్టండి. బడి పిల్లలు చక్కగా చేస్తారు. బావిలో నీళ్లు ఏ నెల దాకా ఉన్నాయో, కట్టెలకి ఎంత దూరం వెళ్తున్నారో రాసుకోండి. ఉపగ్రహ చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి కానీ మొదటి కొన్నేళ్లలో మోకాలెత్తు మొక్క వాటిలో సరిగ్గా కనిపించదు, కాబట్టి చిత్రంలో పచ్చదనం లేదని గ్రాంటు ఆపేయకండి.

సగం మొక్కలు చచ్చిపోయాయి. దాతకి చెప్పాలా, దాచాలా?

చెప్పండి, అదే నెలలో. ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయని మీరనుకుంటున్నారు, ఈసారి ఏం మారుస్తారు, మిగిలిన డబ్బు ఎంత, ఇవి నాలుగూ రాసి, ఫోటోలు జతచేసి పంపండి. మళ్లీ అదే చోట అవే మొక్కలు నాటి లెక్క సరిచేయాలని చూడకండి. ముందు పోయిన చోటికి వెళ్లి నేల తవ్వి చూడండి, కొన్ని పైకి ఎండినా వేరు దగ్గర పచ్చిగా ఉంటాయి, వాన పడ్డాక రెండు వారాలు ఆగి లెక్కపెడితే అంకె మారుతుంది. దాతగా ఇది చదువుతున్నవాళ్లు ఇలాంటి ఉత్తరం వస్తే తర్వాతి విడత ఆపకండి, వెంటనే ఫోన్ చేసి ఈ ఏడాది కాపలాకి ఇంకేమైనా కావాలా అని అడగండి.